దర్జీ చూపుడువేలు

మెడలో చేతికెళ్ళే నరం నొక్కుకుపోయిందని దర్జీకి రేపు ఆపరేషన్. అతనేమో నింపాదిగా గుండీలు కుడుతున్నాడు. భార్యకు అనుమానం వచ్చింది.

“బట్టలు సర్దుకోలేదేం?”

“ఆసుపత్రికి రానని ఫోన్ చేసేశా. నొప్పి మెడ వెనకాలైతే డాక్టరు ముందువైపు గొంతు కోస్తాడట! ఎక్కడైనా ఉందా?”

“మీరు కాలరు సరిచెయ్యాలంటే లోపలి కుట్టు విప్పరూ?”

“అది గుడ్డ, ఇది నా పీక. అయినా నొప్పి పోయిందిలే.”

“మొన్నటిదాకా చెయ్యి పట్టుకుని మూలిగారు. నాతో నిజం చెప్పండి.”

“నీమీదొట్టు! చేతిలో నొప్పన్నదే లేదు.”

ఆమె అతని చెయ్యి వెలుతురులోకి లాగింది.

“మరి చూపుడువేల్లో ఈ గుండుసూది ఎప్పుడు దిగిందండీ? నెత్తురు చొక్కాకంతా అంటింది.”

“ఏ సూది?” అన్నాడు దర్జీ.