నలిగింది స్పీకరా, నా చెవా?

నా రిటైర్మెంటు సభకు అధ్యక్షత వహించిన మా హెడ్మాస్టరు కమలాకుమారి గారికి, వీరులపాడు నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిన మా చర్చి సంఘ పెద్ద స్తెఫను గారికి, జగ్గయ్యపేట నుంచి వచ్చి ముందు వరసలో కూర్చుని, నేను ఏం బయటపెడతానోనని అప్పుడే చెమట తుడుచుకుంటున్న మా బడి పాత లెక్కల మాస్టారు జగన్నాథరావు గారికి, ఆయన్ని ఇన్నేళ్ళు భరించిన పున్నమ్మ వదినకి (నవ్వులు), తోటి ఉపాధ్యాయులకు, నా పిల్లలకు ఈ ఫ్లోరెన్స్ టీచరు వందనాలు.

ఇందాకటి నుంచి మాట్లాడినవాళ్ళంతా నన్ను శాంతమూర్తి అన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా నా ఫిజిక్స్ ప్రాక్టికల్‌కి ఆలస్యంగా వచ్చిన పాపాన పోలేదు కాబట్టి అలా అనగలిగారు. నాకు కోపం ఎక్కువండీ. ఆ కోపం సంగతే చెబుతాను, ఎందుకంటే ఈ ఏడాదిగా అది ఈ ముందు వరసలోని పెద్దమనిషి మీదే ఉంది.

నేను చర్చిలో గిటారు వాయిస్తానని మీకు తెలుసు. రెండేళ్ళ క్రితం క్రిస్మస్ పాటల మధ్యలో మా గిటారు యాంప్లిఫయరు పెట్టెలో స్పీకరు కాగితం చిరిగింది. జగ్గయ్యపేట షాపులో చెప్పి, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని ఒకే రకం స్పీకర్లు రెండు తెప్పించాను. ఒకటి చర్చికి తీసుకెళ్ళాను, బస్సులో రెండో అట్టపెట్టెకి చోటు లేక దాన్ని మాస్టారి ఇంట్లో పెట్టాను. కొత్త స్పీకరు మొదటి ఆదివారం ఎలా మోగిందనుకున్నారు? రేకు మీద కంకర పోసినట్టు మోగింది. ఏడాది తిరిగేసరికి అదే పెట్టె, అదే గిటారు, వినడానికి హాయిగా, మెత్తగా ఉంది. ఒకరోజు స్టాఫ్ రూములో సంతోషం పట్టలేక "మాస్టారూ, వాడగా వాడగా మా స్పీకరు నలిగిందండీ, ఇప్పుడు బాగా పలుకుతోంది" అన్నాను.

ఆయన చేతిలో టీ గ్లాసు కూడా దించలేదు. "చొక్కా నలుగుద్ది, చెప్పులు నలుగుతయ్యి. స్పీకరు ఎట్టా నలుగుద్ది మేడమ్ గారూ? అది అట్టానే ఉంది. నలిగింది మీ చెవి" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మొన్న ఎండాకాలం విజయవాడలో చెవి డాక్టరు గారు నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, "సన్నటి కీచు శబ్దాలు మీకు సరిగ్గా వినపడడం లేదమ్మా, వయసు కదా" అన్నారు. బస్సులో తిరిగి వస్తుంటే మాస్టారి మాటే గుర్తొచ్చింది. స్పీకరు మారలేదేమో, నేనే చెవిటిదాన్ని అవుతున్నానేమో అనిపించింది. ఇంటికెళ్ళి గిటారుని కవరులో పెట్టి బీరువా పక్కన నిలబెట్టాను. రిటైరయ్యాక పిల్లలకు గిటారు నేర్పాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. శ్రుతి తేడా తెలియని మనిషి ఏం నేర్పుతుందండీ? రెండు నెలలు దాన్ని ముట్టుకోలేదు. ఎవరికీ చెప్పకుండా ఏడ్చాను కూడా.

ఈ సంగతి మాస్టారికి ఎవరు చెప్పారో తెలియదు. (పున్నమ్మ వదినా, తల దించుకోనక్కర్లేదు.) ఒక శనివారం ఆయన అట్టపెట్టె చంకన పెట్టుకుని మా ల్యాబుకి వచ్చారు. "నోరుజారి అన్నా మేడమ్. కానీ ఊరికే సారీ చెప్తే మీరు నమ్మరు. పరీక్ష పెడదాం" అన్నారు. చర్చి స్పీకరు ఊడదీయించి తెప్పించాం. వాడిందొకటి, వాడనిదొకటి, తేడా ఉందో లేదో తేలిపోతుందనుకున్నాం.

చర్చి స్పీకరు బల్ల మీద పెట్టగానే నడిమధ్య కాగితం మీద ఇంత మరక కనపడింది. స్తెఫను గారిని అడిగితే ఎంత గర్వంగా చెప్పారో! "స్పీకరు ప్రతిష్ఠ రోజు ప్రార్థన చేసి నూనె రాసింది నేనే గదమ్మా. పైన చెక్కకి రాస్తే ఏం లాభం, పాట వచ్చేది ఆ కాగితంలోంచి గదా అని, బిగించకముందే దానికే పట్టిచ్చా." (నవ్వులు) మాస్టారు ఎగిరి గంతేసి "చెల్లదు! మెత్తబడింది వాడకానికి కాదు, నూనెకి" అన్నారు. నేను రెండో అట్టపెట్టె తెరిచాను. లోపల స్పీకరు మీద ఇంత పసుపు, మూడు కుంకుమ బొట్లు! పున్నమ్మ వదిన దసరాకి స్కూటరుకీ మిక్సీకీ పెడుతూ, "మేడమ్ గారి వస్తువుని ఒక్కదాన్నే వదిలేస్తే ఏం బావుంటది" అని దానికీ పెట్టింది. ఒకదానికి నూనె, ఒకదానికి పసుపు. ఆవపిండీ కారమూ ఉంటే ఆవకాయ పెట్టేసేవాళ్ళం. (నవ్వులు, చప్పట్లు)

అప్పుడు పని చేసింది నా ముప్ఫయ్యొక్కేళ్ళ పాఠం. రెండు స్పీకర్లు ఎందుకు? పసుపు స్పీకరు ఒక్కటి చాలు, దాన్నే ముందొకసారి, నలిగాక ఒకసారి వింటే సరి. పసుపు రెండుసార్లూ ఉంటుంది కాబట్టి దాని మీద నేరం మోపడానికి లేదు. నా చెయ్యి మారిందని కూడా అనకుండా, గిటారు మూలన పెట్టకముందు నేను వాయించి దాచుకున్న ముక్కనే రెండుసార్లూ దానిలోంచి పంపాం, ఫోను కూడా సుద్దతో గీసిన గీత మీదే పెట్టి రికార్డు చేశాం. మధ్యలో రెండు రోజులు ల్యాబు తలుపు మూసి స్పీకరుని హుమ్మని మోగేలా వదిలేశాం. టెన్త్ పిల్లలు దాన్ని జనరేటరు అనుకున్నారు.

తర్వాత నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. మాస్టారు ఆ రెండు రికార్డుల్నీ తన ఇష్టమొచ్చిన వరసలో పదిసార్లు వినిపించారు, ఏది ముందుదో ఏది నలిగాకదో నేను చెబుతుంటే కమలాకుమారి గారు రాసుకున్నారు. పదికి తొమ్మిది కరెక్టు! (చప్పట్లు) పదోసారి హైవే మీద సిమెంటు లారీ హారన్ కొట్టింది. మళ్ళీ పెడదామన్నారు, నేను వద్దన్నాను, తొమ్మిది చాలు. మా ల్యాబు మీటరూ నా వైపే సాక్ష్యం చెప్పింది. స్పీకరు తనంతట తాను ఎక్కువగా ఊగే చోటు సెకనుకు తొంభై రెండు ఊపుల నుంచి ఎనభై ఐదుకి దిగింది, అంటే మెత్తబడినట్టే. మరి డాక్టరు గారు అన్న ఆ సన్నటి శబ్దాలంటారా, గిటారు స్పీకరు అసలు అంత పైకి పలకనే పలకదు. అది పలికినంత మేరా నా చెవి భేషుగ్గా ఉంది!

అయితే ఫిజిక్స్ టీచరుని కాబట్టి నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇంకో వారం మోగించినా ఆ అంకె కదల్లేదు. అంటే స్పీకరు నలగాల్సింది మొదటి రెండు రోజుల్లోనే నలిగి ఊరుకుంది. ఏడాదంతా మెత్తబడుతూ వచ్చింది నా చెయ్యి. కంకరలా మోగుతోందని భయపడి తీగల్ని నెమ్మదిగా మీటడం నేర్చుకున్నానని నాకే తెలియలేదు.

ఇందాక మాస్టారు శాలువాతో పాటు నాకిచ్చిన బరువైన పొట్లం ఏమిటని పిల్లలు అడుగుతున్నారు. అది ఆ పసుపు స్పీకరే. బొట్లు అలాగే ఉన్నాయి. వెనక ఇనుము మీద మార్కరుతో ఆయన రాసిన మాట చదువుతాను. "నలిగింది స్పీకరే. మేడమ్ గారి చెవి కాదు. ఇట్లు, ఓడిపోయిన జగన్నాథరావు." (చాలాసేపు చప్పట్లు) మాస్టారూ, ఓడిపోయినందుకు మీలా సంతోషించిన మనిషిని నేను చూడలేదు. మీ ఇద్దరి మేలు మరచిపోను.

నన్ను ఇన్నేళ్ళు మోసిన ఈ బడికి, నా అరుపులు పడ్డ పిల్లలకు, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం గిటారు కవరులోంచి తీశాను. ఈ ఆదివారం వీరులపాడులో ఈ స్పీకరుతోనే వాయిస్తున్నాను, అందరూ రండి. స్తెఫను గారూ, మీరు తప్పకుండా రండి, నూనె సీసా మాత్రం ఇంట్లో పెట్టి రండి. సెలవు.