స్ట్రెచర్ గొళ్ళెం

అనకాపల్లి స్టేషన్, రెండో ప్లాట్‌ఫారం. పొద్దున్న తొమ్మిదయింది, బండి నలభై నిమిషాలు లేటు. ఫుట్‌బాల్ క్లబ్బులో ఆట సామాన్లు చూసే నానాజీ తిరిగి పనిలోకి వెళుతున్నాడు. నెల కిందట ఆ క్లబ్బులోనే ఆడుతూ చనిపోయిన ధనరాజ్ తండ్రి, జాలరి కొర్లయ్య, సముద్రం ఒడ్డునున్న పూడిమడక నుంచి అతన్ని బండెక్కించడానికి వచ్చాడు.

"కాదు మామా, ఒక్కసారి నేను చెప్పేది విను. నిన్న మీ ఇంటికి వచ్చింది కూడా అందుకే."

"ఇన్నాను కదా నానాజీ. రేపు ఎంక్వైరీ కమిటీ వోల్లు పిలిసేరు, కాయితం మీద సంతకం ఎట్టాల. ఎట్టెయ్. ఈ ఎండలో నిలబడ్డావేటి, ఇటొచ్చి పంకా కింద కూకో."

"ఆ కాయితంలో ఏటి రాసేరో నీకు తెలుసా?"

"తెల్సు. స్ట్రెచర్ గొల్లెం పాతదయి తుప్పట్టింది, టైముకి తెరుసుకోలేదు, ఎవుడి తప్పూ లేదు. అంతే కదా. టికెట్టు తీసేవా?"

"తీసేను. మామా, ఆ గొళ్ళెం..."

"అదుగో, మీ అత్త వత్తంది. దాని ముందర ఏటీ అనకు."

"బాబూ నానాజీ, బండి రానేదు కదా? పరుగున వచ్చేను. ఈ కేరేజీ ఉంచు. వంజరం ఇగురు, అన్నం. ఈ పొట్లంలో ఎండు సేపలు, నెత్తళ్ళు. సంచిలో అడుక్కి ఎట్టకు, నలిగిపోతాయి."

"ఇవన్నీ ఎందుకత్తా."

"ఎందుకేటి? మా గుంటడు సెలవుకొచ్చి ఎల్లినప్పుడల్లా నీకో పొట్లం కట్టించీవోడు కదా. నానాజీ బావకి, నానాజీ బావకి అని నా పేణం తీసీవోడు. ఆడు లేడని నీకు కట్టడం మానేత్తానా?"

"అప్పలకొండా, ఆడికి బండి టైమయిపోతంది."

"నలభై నిమిసాలు లేటని ఇప్పుడే మైకులో అరిసింది. నువ్వుండు. బాబూ, ఒక్కమాట అడుగుతాను, ఏటనుకోవు కదా?"

"అడుగత్తా."

"అంత పెద్ద కిలబ్బు. టీవీలో సూపిత్తారు. ఆ గొల్లేనికి ఒక్క సుక్క నూనె ఎయ్యడానికి మనిసి లేడా?"

"ఉన్నాడత్తా. నేనే."

"అప్పలకొండా, ఊరుకో."

"నిన్నన్నానేటి బాబూ! నీ ఒక్కడికి ఎన్ని పనులు. బూట్లు నువ్వే, బనీన్లు నువ్వే, బంతులు నువ్వే. ఆడే సెప్పీవోడు. నాకు ఊరికే కడుపు మండిపోయి అనేసేను. మనసులో ఎట్టుకోకు. తిన్నాక కేరేజీ గిన్నెలు కడిగి దాసు, మల్లీ వచ్చినప్పుడు తే. వత్తావు కదా?"

"వత్తానత్తా."

"వత్తూ ఉండు. నువ్వు కనబడితే ఆడు ఎనకాల వత్తన్నాడేమో అనిపిత్తాది నాకు. ఎల్తాను, సేపల తట్ట దుర్గాలక్ష్మి కాడ ఒగ్గేసి వచ్చేను. బజారు మొదలైపోయుంటాది."

"జాగ్రత్తత్తా."

"సూసేవా, ఏడవలేదు. నీ ముందర ఏడవదు. టీ తాగుదాం, రా."

"టీ వద్దు మామా. అత్త వెళ్ళిపోయింది, ఇప్పుడైనా వింటావా?"

"ఈ స్టాల్లో అల్లం ఏత్తాడు, బాగుంటాది."

"ఆ గొళ్ళెం తుప్పు పట్టలేదు మామా. నేను పట్టించేను."

"వింటున్నావా మామా?"

"ఇంటన్నాను."

"నేనే. ఈ చేతుల్తో."

"ఎందుకు సేసేవని నాను అడగను. నువ్వూ సెప్పకు."

"చెప్పకపోతే చచ్చిపోతాను. నెల రోజుల్నుంచి నాకు అన్నం దిగట్లేదు. మొదట బంతులు మామా. అవతల టీము పొట్టి పాసులాడే టీమైతే గాలి కొంచెం తీసీవోణ్ణి, బంతి నడవదు. తర్వాత గడ్డి. వాళ్ళలో బాగా పరిగెత్తేవాడు ఏ పక్కనుంటే ఆ పక్క నీళ్ళు ఎక్కువ పెట్టీవోణ్ణి. కోచ్ ఎప్పుడూ నోటితో చెయ్యమని చెప్పడు. 'నానాజీ, ఎండ బాగా ఉంది కదా' అంటాడు. నేను పైపు పట్టుకుంటాను."

"ఆటన్నాక ఉంటాయి అలాటివి."

"తర్వాత పడిపోడం. మనం ఒక్క గోలు మీదుంటే ఆఖరి పది నిమిషాల్లో ఒకడు పడిపోవాల. టైము తినాల. ఆ పని ధనరాజ్‌ది. ఆడు పడినట్టు ఎవడూ పడలేడు."

"సిన్నప్పుడూ అంతే. బడి ఎగ్గొట్టాలంటే కడుపునొప్పని ఇసకలో దొర్లీవోడు. మీ అత్త నిజమనుకుని ఇంగువ తెచ్చీది. నాకు తెల్సిపోయీది, ఒక కన్ను సగం తెరిసి సూసీవోడు. సూడు, నవ్వొత్తంది నాకు. ఏటి మనిసినో నాను."

"నాటకమైతే ఎడం చెయ్యి నేల మీద రెండుసార్లు కొట్టాల. అది మా గుర్తు. అది చూసి మేం నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళాల. కానీ రెఫరీలు ముదిరిపోయేరు, పడ్డవాణ్ణి వెంటనే బయటికి మోసుకుపొమ్మంటున్నారు. అప్పుడొచ్చింది ఈ ఆలోచన. మడత స్ట్రెచర్, గొళ్ళెం తీసి విప్పితే గానీ మనిషిని ఎత్తలేం. ఆ గొళ్ళెమే బిగుసుకుపోతే? రెండు నిమిషాలు. ఎవడూ మనల్ని అనలేడు."

"సాలు నానాజీ."

"ఉప్పునీళ్ళలో మూడు రోజులు నానబెట్టేను. ఎండలో పెట్టేను. పైన మాత్రం గుడ్డ పెట్టి తళతళా తుడిచేసేను. చూస్తే కొత్తది. తీస్తే రాదు. నాలుగు మ్యాచ్‌లు పనికొచ్చింది."

"ఇది నువ్వే ఆలోసించేవా?"

"నేనే."

"ఎవురూ సెప్పలేదా నీకు?"

"ఎవరు చెప్తారు మామా?"

"ధనరాజ్‌కి తెల్సా?"

"తెలీదు."

"తెలీదా?"

"తెలీదు మామా. ఒట్టు."

"ఒట్టెయ్యకు. సిన్న పిల్లలున్నోడివి, ఒట్టెయ్యకు."

"ఆ రోజు నువ్వు టీవీలో చూసేవా?"

"సూసేను. ఊరందరం సూసేం. నువ్వు మల్లీ అదంతా సెప్పక్కర్లేదు."

"టీవీలో నేను కనబడను కదా. నేనెక్కడున్నానో విను. కార్నర్ బంతికి ఇద్దరూ ఎగిరేరు, తలా తలా కొట్టుకుంది, మనోడు పడ్డాడు. నేను గీత బయట నిలబడి ఎడం చెయ్యి చూసేను. కదిలింది. రెండుసార్లు కదిలింది మామా."

"నానాజీ..."

"అది వణుకు. ఫిట్సులా వచ్చింది. నేను గుర్తనుకున్నాను. 'ఈసారి మరీ బాగా చేత్తన్నాడ్రా' అని పక్కనున్న స్ట్రెచర్ కుర్రాడు పైడిరాజుతో అన్నాను. నవ్వేను. మామా, నేను నవ్వేను."

"బండి ఏ ప్లాట్‌ఫారం అన్నాడు? ఇదేనా?"

"ఇదే. స్ట్రెచర్ మోసేవాళ్ళు నెమ్మదిగా నడిచేరు. డాక్టరు కేకేసేక గానీ నాకు తెలీలేదు. మెడకి దెబ్బ తగిలిందేమో, చేతుల మీద ఎత్తొద్దన్నాడు. గొళ్ళెం ఈసారి మరీ బిగుసుకుపోయింది, రాదు. రాళ్ళతో కొట్టేరు, రాదు. నేను గదికి పరిగెత్తి రెండో స్ట్రెచర్ తెచ్చేను. తాళానికి ఒక చెవి బదులు ఇంకోటి పెట్టేను. అన్నీ కలిపి ఆరు నిమిషాలు. తలలో రక్తం గడ్డ కట్టేసిందన్నారు. ఆరు నిమిషాలు ముందు తెస్తే బతికీవోడా అని పెద్ద డాక్టర్ని అడిగేను."

"ఏటన్నాడు?"

"చెప్పలేం అన్నాడు."

"సెప్పలేం అన్నాడా?"

"అంతే అన్నాడు."

"ఆ మాటే బాగోలేదు. బతకడు అంటే బాగుణ్ణు."

"నన్ను కొట్టు మామా. అందరూ చూసినా ఫర్వాలేదు. అత్త నా చేతిలో కేరేజీ పెడుతుంటే నా చెయ్యి కాలిపోయింది. నన్నొక్కసారి కొట్టు."

"నాను నిన్ను కొట్టలేను."

"ఎందుకు కొట్టలేవు? నీ కొడుకుని చంపేనంటున్నాను!"

"అరవకు. అందరూ సూత్తన్నారు. సంతకం ఎట్టెయ్ నానాజీ. తుప్పే అనుకో. నీకిద్దరు పిల్లలు. ఉద్యోగం పోతాది, పోలీసు కేసైపోతాది."

"పోనీ. రేపు కమిటీ ముందు అంతా చెప్పేస్తాను. స్ట్రెచర్ మార్చేరు గానీ కోచ్ మారలేదు. మొన్న అరకు నుంచి ఓ కుర్రాణ్ణి తెచ్చేరు, పంతొమ్మిదేళ్ళు. పడడం నేర్పుతున్నారు. నా కళ్ళ ముందే నేర్పుతున్నారు."

"నువ్వు సెప్తే మీ అత్తకి తెలుత్తాది."

"తెలియాల. నన్ను తిట్టనీ. శాపనార్థాలు పెట్టనీ. తుప్పుని తిట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతాది?"

"ఆడి ఫొటోకి దణ్ణమెట్టుకుంటన్నాది రోజూ. నీకూ బాగుండాలని దణ్ణమెట్టుకుంటన్నాది."

"అందుకే చెప్పాల."

"సరే. సెప్తే ఏటని సెప్తావు?"

"నేనే ఆలోచించేను, నేనే చేసేను. కోచ్‌కి తెలుసు. అంతే."

"అది అబద్దం."

"ఏది అబద్ధం?"

"నువ్వు ఆలోసించేవన్నది."

"మామా..."

"నువ్వు దేవరాపల్లి వోడివి. సెరుకు తోటల్లో పెరిగేవు. ఉప్పునీల్లు ఎన్ని రోజులుంచితే ఇనుము బిగుసుకుంటాదో, తీసి ఎంతసేపు ఎండబెట్టాలో, పైన తుడిసేత్తే లోపల పట్టు పోదని, నీకేటి తెల్సు? ఇంట్లో సీల తుప్పడితే గిరాటేసి కొత్తది కొనీవోడివి."

"ఇప్పుడవన్నీ ఎందుకు మామా?"

"సెప్పు."

"ధనరాజ్ చెప్పేడు."

"ఆఁ."

"ఆడి పేరు రాకూడదనుకున్నాను. చచ్చిపోయినోడు. రేపు పేపరోళ్ళు రాస్తారు, తన గొయ్యి తనే తవ్వుకున్నాడని. అత్త అది చదివించుకుని వింటాది. అందుకే నేనే అని చెప్పదలిచేను. ఒట్టేసింది కూడా అందుకే. ఆ ఉపాయం ఆడిదే మామా. ఓ రోజు రూములో కూర్చుని అంతా చెప్పేడు, ఎన్ని రోజులు, ఎంత ఉప్పు, అంతా. కానీ చేసింది నేనే. నువ్వు బాధపడకు."

"నానాజీ."

"ఆడు చిన్నోడు మామా, ఇరవై మూడేళ్ళు. పెద్దోణ్ణి నేను వద్దనాల. ఆడి తప్పేటీ లేదు."

"నానాజీ, బండి కూత ఇనబడతంది. పరుగునెల్లి నాకూ ఓ టికెట్టు తీసుకురా."

"నీకెందుకు మామా?"

"కమిటీ ముందర నాను కూడా మాటాడాల. ఆ ఉపాయం నీదీ కాదు, ఆడిదీ కాదు."

"మరి ఎవరిది?"

"ఆడు ఫోన్ సేసి, అయ్యా, ఇనుము బిగుసుకుపోవాలంటే ఏటి సెయ్యాల అనడిగేడు. ఎందుకురా అంటే ఎందుకో కూడా సెప్పేడు. నాను ఇవరంగా సెప్పేను, ఇద్దరం బాగా నవ్వుకున్నాం."