ఫోటో ఎవురు తీసినారు

తిరుచానూరు, 2005. వసారాలో యశోదమ్మ కనకాంబరాలు కడుతోంది. ఇంగ్లండులో రెండేళ్ళు దొరికిన పనల్లా చేసుకుంటూ ఊళ్ళు తిరిగి వచ్చిన అన్న కూతురు కోమలి, ఫోటోల ఆల్బమ్ తెచ్చి పక్కన కూర్చుంది.

“ఇదేంది కోమలీ, ఉత్త రాళ్ళు?”

“పాతకాలం రాళ్ళత్తా. వేల ఏండ్ల కింద నిలబెట్టినారంట. టికెట్టు కొని చూస్తారు.”

“రాళ్ళు సూసేదానికి విమానం ఎక్కల్లనా? పాకాల టేషన్లో దిగితే ఎన్ని కావాలంటే అన్ని. వెనకాల అవి గొర్రెలా?”

“గొర్రెలే.”

“బాగా తిన్నట్టుండాయి. నువ్వు మాత్రం చిక్కిపోయినావు. ఆడ ఏం పని చేసినావు?”

“ఒగటా అత్తా. మొదట ముసలోళ్ళ ఆశ్రమంలో అన్నం తినిపించేది. తర్వాత ఓటల్లో పక్కలు సర్దేది. ఎండాకాలం వస్తే తోటలో వంగి స్ట్రాబెర్రీలు కోసేది. చేతిలో కాస్త డబ్బు పడితే బస్సెక్కి ఏదో ఒక ఊరు చూసొచ్చేది.”

“ఈడ మీ నాయన శనక్కాయలు వలవమంటే నడుం నొప్పి అంటివే.”

“ఆడ నొప్పి అంటే వినేవాళ్ళు లేరు గదా.”

“సరే, తిప్పు. ఇది సముద్రమా? ఇసకే లేదే.”

“అంతా గులకరాళ్ళే.”

“పాపం. ఈ ఫోటో ఎవురు తీసినారు?”

“దోవన పొయ్యే వాళ్ళెవురో. జపాన్ ముసలాయన ఒకాయన.”

“ఈ కోట దగ్గర?”

“ఆడా... ఆడ పోలీసాయన.”

“పోలీసాయనకి వేరే పని లేదా?”

“అత్తా, కాఫీ పెట్టనా?”

“కూర్చో, ఇప్పుడే గదా తాగితిమి. నువ్వు ఈ గడప తొక్కిందే గొప్ప. మీ నాయనా నేనూ మాట్లాడుకోని రెండేండ్లు. ఆ పొద్దు అందరి ముందర ఏమన్యావో గుర్తుండాదా?”

“ఎందుకత్తా ఇప్పుడు.”

“నేను నా కొడుక్కి నిన్ను అడగాలని తాంబూలం పళ్ళెం పట్టుకోని నిలబడుండా. ‘రేణిగుంట దాటితే బావకి దోవ తెలీదు, ఆయన్ని కట్టుకోని నేనేం లోకం చూస్తాను’ అన్యావు.”

“చిన్నతనంలో అన్న మాటలే అవి.”

“రెండేండ్లకే పెద్దదానివైపోయినావా? ఆ రోషానికే గదా మా ప్రతాపూ నీ వెనకాలే అదే వీసా పట్టుకోని పోయినాడు. ఫోన్లో అడిగితే ‘అమ్మా, నేను ఉత్తరాన, కోమలి దక్షిణాన, మధ్యలో పొద్దంతా రైలు’ అంటాడు. నువ్వెప్పుడైనా సూసినావా వాణ్ణి?”

“లేదత్తా. పెద్ద దేశం గదా.”

“పోనీలే. ఇంగ ఎవురికీ బాధ లేదు. వాడికి సత్యవేడు సంబంధం కుదిరింది. రేపు పొద్దున తాంబూలాలు. ఈ పూలు అందుకే.”

“రేపా? బావ లేకుండానే?”

“వచ్చే నెల వస్తాడు గదా. వాళ్ళు ఫోటో సూసి ఒప్పుకున్నారు. పిల్ల బంగారం. ఊర్లు సూడాలని పోరు పెట్టే రకం కాదు.”

“బావకి చెప్పినావా?”

“చెప్పేదేముంది, నా మాట దాటడు. నువ్వేంది, ఆల్బమ్ మూసేస్తివి? ఇంగా ఉండాయే.”

“అన్నీ ఒగే మాదిరి ఉంటాయత్తా.”

“ఇటివ్వు. అబ్బా, ఏం మంచు. ఈ మంకీ క్యాపులో ఉండేది నువ్వేనా?”

“నేనే. స్కాట్లాండు. చెవులు గడ్డకట్టి పోతా ఉంటే...”

“క్యాపు యాడిది?”

“ఆడే కొనుక్కున్యా.”

“దొరలు మంకీ క్యాపులు కూడా అమ్మతారా?”

“అన్నీ అమ్మతారత్తా.”

“ఎలుక కొరికినవి కూడానా? చెవి కాడ పచ్చ దారంతో కుట్టుండాది సూడు. బూడిద రంగు దారం లేక నేనే రవిక దారంతో కుట్టినాను. నా చేత్తోనే వాడి పెట్టెలో పెట్టినాను. నీ తలకెట్ల వచ్చింది?”

“బావ ఇచ్చినాడు.”

“ఎప్పుడు?”

“ఆ మంచులోనే.”

“అంటే ఈ ఫోటో తీసింది?”

“బావే.”

“ఆ జపాన్ ముసలాయన?”

“బావే.”

“పోలీసాయన?”

“ఆయనా బావే. అన్నీ బావే అత్తా. పోయిన కొత్తలో నేను తప్పు రైలెక్కి యాడనో దిగినాను. ఏడస్తా ఫోన్ చేస్తే బావే వచ్చి ఇంటికి చేర్చినాడు. అప్పట్నించి సెలవు దొరికితే చాలు, మ్యాపు పట్టుకోని ఆయన ముందర, నేను వెనకాల.”

“రేణిగుంట దాటితే దోవ తెలీని వాడు.”

“అనత్తా, అను. అందరి ముందర అంత మాట అన్యా గదా, ఏం మొఖం పెట్టుకోని కాదనేది? ఈ ఫోటోలు చూపిస్తా మెల్లగా నీకు చెప్దామనే వచ్చినా. రేపటి వాళ్ళని ఆపు. నాకు బావ కావాల.”

“మాటిచ్చినాను గదే వాళ్ళకి.”

“నేను పోయి వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. ఇప్పుడే సత్యవేడు బస్సెక్కుతా. ఆ పిల్ల వాళ్ళ నాయన పేరు చెప్పు.”

“పేరు చెప్పాలంటే ముందర నేను పెట్టల్ల గదా.”

“అంటే?”

“సత్యవేడులో పిల్లా లేదు, దాని నాయనా లేడు. నీ నోట ఆ మాట రావాలని ఊరికే అంటిని.”

“అయితే నీకు ముందే తెలుసా? ఎవురు చెప్పినారు?”

“ఎవురు చెప్పల్ల. నా కొడుకు పంపిన ఫోటోల్లోనూ ఇవే రాళ్ళు, ఇదే సముద్రం, ఇదే కోట. ఎవురు తీసినార్రా అంటే, వాడూ జపాన్ ముసలాయనే అన్యాడు.”

“అత్తా...”

“గమ్మునుండి తల ఇట్ల తిప్పు. పొద్దున్నించి ఈ పూలు కడతా ఉండేది నీ జడకే.”