పల్చబడ్డ నీలం

ఆపరేషన్ గదిలో మైక్రోస్కోపు ముందు పెద్ద డాక్టరు. దాని పక్క గొట్టంలోంచి చూస్తూ ఆయన కూతురు, చిన్న డాక్టరు. గుడ్డ కింద, కంటికి మాత్రమే మత్తిచ్చిన టైలరమ్మ, పూర్తి మెలకువతో.

"ఆ నీలం రంగు ఇంకొంచెం వెయ్యి."

"వేశాను కదా సార్. ఇది రెండోసారి."

"ఏదీ? పొరకి ఎక్కడా రంగు పట్టినట్టే లేదు. ఈ కంపెనీవాళ్ళు రంగులో నీళ్ళు కలుపుతున్నారు. పోయిన నెలనుంచీ ఇదే వరస. ఆ పెట్టె తిరగ్గొట్టమన్నానా, లేదా?"

"తిరగ్గొట్టేశాం సార్. ఇది వేరే కంపెనీది."

"అన్నీ ఆ తానులో ముక్కలే."

"డాక్టరుగారూ, ఒక్క మాట."

"మాట్లాడకండి టైలరమ్మా, తల కదులుతుంది."

"తల కదలదు లెండి, కదిలేది నోరే. నాకంతా నీలంగా ఉంది. సిరా బుడ్డిలో పడ్డట్టుంది."

"ఉండాలి. రంగు పడితేనే పొర మాకు కనపడేది. పొర తీస్తే కంటి నడుమ చిల్లు పూడుతుంది. మళ్ళీ సూదిలో దారం మీరే ఎక్కించుకుంటారు."

"మా తమ్ముడికీ ఇలాగే చెప్పారు."

"ఏ తమ్ముడు?"

"బస్సు డ్రైవరు. పోయిన నెల మీరే చేశారుగా. చిల్లు పూడిందన్నారు. వాడేమో, ఎదుటి మనిషికి చెవులున్నాయి గానీ మొహం లేదంటాడు."

"మెల్లగా సర్దుకుంటుంది. ఓపిక పట్టమన్నాను."

"పడుతున్నాడు. బస్సే ఇవ్వటం లేదు."

"సార్, కడిగేద్దాం. ఇంతసేపు ఉంచితే కింద నరాలు దెబ్బతింటాయి."

"నాకు పాఠాలు చెప్పకు. ఉంచు."

"రంగు పట్టింది సార్. నాకు కనిపిస్తోంది."

"ఎక్కడ?"

"అంతటా."

"నాకు కనిపించనిది నీకెలా కనిపిస్తుంది? ఇద్దరం చూస్తోంది ఒకే కంట్లోకి."

"అవును సార్. ఒకే కంట్లోకి."

"లైటు పెంచు. ఇంకో చుక్క వెయ్యి."

"వెయ్యను."

"ఏమన్నావ్?"

"వెయ్యను సార్. కడిగేస్తున్నాను. ఈలోగా ఒకటి చెప్పండి. మీ సాక్సులు ఏ రంగువి?"

"ఇది వేళాకోళానికి సమయమా?"

"చెప్పుల్లేకుండానే కదా మైక్రోస్కోపు పెడల్ తొక్కుతారు. కిందికి చూసి చెప్పండి."

"నల్లవి."

"రెండూనా?"

"రెండూ... నల్లవే."

"ఎడమది నీలం. మొన్న కూడా ఇంతే. అమ్మా నేనూ పరాకు అనుకుని నవ్వుకున్నాం."

"అయితే?"

"రంగు పల్చబడలేదు నాన్నా. మీ కళ్ళల్లో శుక్లాలు పసుపుపచ్చగా ముదిరి ఉంటాయి. నీలాన్ని అవే మింగేస్తున్నాయి."

"నాకా? నాకు శుక్లాలా?"

"లేవండి. ఆ కుర్చీ నాకివ్వండి. పొర నేను తీస్తాను."

"ఎన్నాళ్ళనుంచి అంటావ్?"

"మీరే అన్నారుగా నాన్నా. పోయిన నెలనుంచీ ఇదే వరస అని."

"డాక్టరుగారూ."

"కదలకండి టైలరమ్మా. ఇక చేసేది నేను. భయం లేదు."

"కదలటం లేదమ్మా. మా తమ్ముడి కంట్లో ఎన్నిసార్లు వేశారు?"