ఇరవై మూడో నంబరు

సిద్దిపేటలో ఒక డిగ్రీ కాలేజీ. కంప్యూటర్ క్లాసు ముగించి, హాజరు రిజిస్టర్ చంకలో పెట్టుకుని వస్తున్న లెక్చరర్‌కు ఒక అమ్మాయి ఎదురుగా వచ్చి నిలబడింది.

“సార్, నా పేరు గీ క్లాసుల రాసుకోండ్రి.”

“అరవై సీట్లు నిండినయి బిడ్డా. ఒకరు పోతేనే ఇంకొకరిని తీసుకునేది.”

“మనీష పోయింది గద సార్. చేర్యాలల వాళ్ల బట్టల దుకాణంల కూసుంటుంది. నెల దాటింది.”

“మనీషనా? ఇరవై మూడో నంబరు. ఒక్క రోజు గూడ తప్పలేదు. ఇయ్యాల గూడ పలికింది.”

“పలికింది నేను సార్.”

“నువ్వా!”

“పేరు లేదంటే బయటికి పంపుతరని భయమైంది. చంద్లాపూర్ నుంచి రోజూ మొదటి బస్సుకొచ్చి, ఆమె నంబరుకు పలుకుతున్న.”

“పిచ్చి పిల్లా! వరుసగా పది రోజులు రాకుంటే పేరు కొట్టేస్తం. గా సీటు ఎప్పుడో నీకొచ్చేది. నువ్వే రాకుండ చేసుకున్నవ్.”

“ఇప్పుడెట్ల సార్?”

“రేపు గూడ రా. గదే జాగల కూసో. ఇరవై మూడు అని పిలుస్త.”

“పలకాల్నా సార్?”

“పలికితే చూడు! పది రోజులు నోరు మూసుకో. పదకొండో రోజు నీ పేరే పిలుస్త.”