పెట్టెకు ఒక చెయ్యి

బయమోన్ పట్టణపు స్టేడియంలో బట్టలు మార్చుకునే గది. ముందే కూడబలుక్కుని ఆడే కుస్తీ గోదాలో ముప్ఫై ఏళ్లు దుర్మార్గుడి వేషం కట్టి, ఇప్పుడు కుర్ర వస్తాదులకు మేనేజరుగా తిరుగుతున్న అతను, జనాన్ని రెచ్చగొట్టడానికి ఊపే చేతికర్రకు నల్లరంగు పూసుకుంటున్నాడు. గోదాలో అతనికి శత్రువుగా ఆడిన ఎఫ్రాయిన్ భార్య వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

“ఎఫ్రాయిన్ పోయాడని రేడియోలో విన్నాను వదినా. రేపు శవపెట్టెకు నేనూ ఒక చెయ్యి వేస్తాను.”

“వద్దు. మోసేది మా అబ్బాయిలు. నాన్న కాలు విరగ్గొట్టినవాణ్ని పెట్టె ముట్టుకోనివ్వరు.”

“నేను విరగ్గొట్టానా? తనే తాగి మెట్ల మీంచి దొర్లితే, గోదాలో మంచోడూ చెడ్డోడూ బయట ఒకే కారెక్కకూడదన్న కట్టుబాటు కూడా తప్పి, ఆసుపత్రికి తీసుకెళ్లిందెవరు?”

“నువ్వే.”

“నిజం తెలిస్తే జనం నవ్వుతారని, ఇనుపకుర్చీతో నేనే కొట్టానని నన్ను మైకులో చెప్పమన్నదెవరు?”

“నేనే. ఆ మాటతో నీకూ ఇరవై ఏళ్లు టిక్కెట్లు తెగాయి.”

“రాళ్లూ పడ్డాయి. మా అమ్మ సిగ్గుతో చర్చికి పోవడం మానేసింది. ఇప్పటికైనా పిల్లలకు చెప్పు వదినా.”

“వాళ్లకు ఇల్లూ వాకిలీ ఏం మిగల్లేదు. నాన్న వీరుడన్న మాటొక్కటే ఉంది. అదీ లాక్కోమంటావా?”

అతను కుంచెను డబ్బాలో పడేశాడు.

“పోనీ, రోడ్డవతల నిలబడనా?”

“నిలబడు. జనం తిడతారు, తిట్టనీ. ఆయనకు ఆ గోలంటే ఇష్టం.”

“సరే.”

“ఆ కర్ర ఊపుకుంటూ రా. ఊరికే వస్తే ఏడవడానికొచ్చావనుకుంటారు.”