నమ్మని సభ్యుడు

ప్రార్థన మందిరం గుమ్మంలో అధికారి తాళంకప్పతో నిలబడి సంఘం పెద్దతో మాట్లాడుతున్నాడు.

"ప్రతి సంఘంలో దేవుణ్ణి నమ్మని సభ్యుడు ఒకడుండాలి. ప్రభుత్వ నియమం."

"ఉన్నాడుగా సార్, అదిగో లోపల కూర్చున్న మా బావమరిది."

"మరి ఆయన కళ్లు మూసుకుని దండం పెడుతున్నాడేంటి?"

"రోజూ వచ్చి కూర్చుంటే నమ్మకం కుదిరిపోయింది. మేమేం చెప్పలేదండి."

"అయితే ఆయన్ని తీసేసి వేరేవాణ్ణి పెట్టండి."

"అంతకుముందువాడూ ఇలాగే అయ్యాడు. నమ్మనివాళ్లు ఇప్పుడు ఈ వీధిలోకే రావట్లేదు."

"పోనీ నన్ను రాసుకోండి. నేను అస్సలు నమ్మను."

"వద్దు సార్. మాలో ఎవరుండాలో మీరు చెప్తే ఇది మా సంఘం ఎలా అవుతుంది? తాళం వేసుకోండి."

"మరి ప్రార్థన?"

"రోడ్డు మీద చేసుకుంటాం. మా బావమరిది అప్పుడే చాపలు మోస్తున్నాడు, కాస్త దారివ్వండి."